జెనీవా దాకా పోయిన పంచాయితీ

జగ్గయ్యపేట,
20 జూన్ 2025.

చిరంజీవి భారతికి మావయ్య జగన్నాథరావు రాసేది. ఆశీస్సులు ఆఖర్న రాస్తా, రాయబుద్ధయితే.

పదకొండేళ్ళ నుంచి కడుపులో పెట్టుకున్న మాట ఇది. నువ్వు జెనీవా వెళ్ళొచ్చావని నందిగామ కాలేజీలో సన్మానసభ పెట్టారు. నేను పేటలో బస్సెక్కి వచ్చా. శాలువా కొన్నా. బేరం ఆడకుండా కొన్నా. ముందు వరసలో కూచున్నా. నువ్వు మైకు దగ్గరికొచ్చి ఏమన్నావు? "మా వైపు ఒక పెద్దమనిషి ఉన్నారు. మొగుడు కొడితే పుట్టింటికొచ్చిన ఒకావిడకి చీర పెట్టి, అరటిపళ్ళ అత్తం చేతికిచ్చి, మూడుసార్లు వెనక్కి పంపారు. ఆ సంగతి జెనీవాలో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ముందు చెప్పొచ్చాను" అన్నావు.

పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. ఈ చుట్టుపక్కల చీరా అరటిపళ్ళూ పెట్టి రాజీలు చేసేది నేనొక్కణ్ణే. హాల్లో ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగి చూశారు. అక్క నా పక్క కుర్చీలోనే ఉంది. దానికి వినపడలేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే బాధపడేది. శాలువా సంచిలోంచి తియ్యకుండానే లేచొచ్చా. భోజనం కూడా చెయ్యలేదు. పులిహోర వాసన గేటు దాకా వచ్చింది.

నన్ను తిట్టినవాళ్ళు పేటలో ఉన్నారు, చిల్లకల్లులో ఉన్నారు. పరాయి దేశంలో తిట్టింది నువ్వొక్కదానివే. పైగా మేనకోడలివి. పెళ్ళిలో నిన్ను బుట్టలో కూచోబెట్టి పీటల దాకా మోసింది ఈ చేతులే. అప్పటికే నువ్వు బరువు.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు అరుస్తావు. నాకు తప్ప వీధి మొత్తానికి వినపడుతుంది. అక్కకీ అంతే. మన వంశంలో చెముడుంది. అందుకని రాస్తున్నా. నాది మూడో తరగతి. అక్షరం వంకర పోతుంది గానీ మాట వంకర పోదు.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, ఎరువుల కొట్టు వరప్రసాదరావు నిన్న మా ఇంటికొచ్చాడు. వాళ్ళ కోడలు ఆమని నందిగామలో వాళ్ళన్న సతీష్‌బాబు ఇంట్లో కూచుందట. ఆ పిల్లకి లాయరువి నువ్వేనట, అక్కడి కోర్టులో కేసు వేయించావట. మొగుడు కిషోర్‌బాబుకి నోటీసొచ్చింది. పేటలో కోర్టు లేదా, నందిగామలో వెయ్యటానికి? ఆ పిల్ల మెట్ల మీద జారి చెయ్యి విరిగిందని వాళ్ళు ఊళ్ళో చెబుతున్నారు. వరప్రసాదరావు నా దగ్గర దాచడు. "కోపంలో రెండేశాడు బాబాయ్, మెట్ల దగ్గర నిలబడి వేశాడు, అంతే" అన్నాడు. మాటల్లో తేడా పెద్దదేం కాదు.

శ్రావణంలో మంచిరోజు చూసి మా వసారాలో పంచాయితీ పెడతా. కిషోర్‌బాబు వేదాద్రి వెళ్ళి, కృష్ణలో మునిగి, ఇక చెయ్యెత్తనని నరసింహస్వామి మీద ప్రమాణం చేస్తాడు. పిల్లని పంపిస్తాం.

కాబట్టి నువ్వు రెండు పనులు చెయ్యి. ఆ కేసు వెనక్కి తీసుకో. జెనీవాలో నా గురించి రాయించింది కొట్టేయించు.

ఆశీస్సులు రాయబుద్ధి కాలేదు.

జగన్నాథరావు

*

నందిగామ,
2 జూలై.

మావయ్యకు భారతి నమస్కారాలు. ఆశీస్సులు లేకపోయినా నా వంతు నేను రాస్తున్నాను.

కేసు వెనక్కి తీసుకోవడం నా చేతిలో లేదు. అది ఆమనిది. ఆమె ఇప్పుడు ఉంటున్న ఊళ్ళో వేసుకోవచ్చునని చట్టంలోనే ఉంది, అందుకే నందిగామ. ఆమె కోరింది ఇంతే: అతను మళ్ళీ తన మీద చెయ్యి చేసుకోకుండా కోర్టు ఆర్డరివ్వాలి, తన వస్తువులు తనకు ఇప్పించాలి, బలవంతంగా ఆ ఇంటికి పంపకూడదు. మీరు పంపుతానంటున్నది ఆ ఇంటికే.

జెనీవాలో రాసింది కొట్టేయించడం కూడా కుదరదు. ఒకసారి చెప్పిన మాట వాళ్ళ కాగితాల్లో ఉండిపోతుంది. మీ పేరు మాత్రం అక్కడ లేదు. పదకొండేళ్ళుగా కోపం పెట్టుకున్నారు కానీ అక్కడ ఏం జరుగుతుందో ఒక్కసారీ అడగలేదు. అడక్కపోయినా చెబుతాను.

ఆడవాళ్ళ మీద వివక్ష పోగొడతామని దేశాలన్నీ ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. మనమూ పెట్టాం. దాన్ని చూడటానికి ఇరవై ముగ్గురితో ఒక కమిటీ ఉంది. నాలుగేళ్ళకోసారి ఒక్కో దేశం వెళ్ళి, ఏం చేసిందో వాళ్ళకు చెప్పుకోవాలి. వాళ్ళు ప్రశ్నలు వేస్తారు. ఇంట్లో జరిగే కొట్టుడు కూడా ఇందులోకే వస్తుందని ముప్పై ఏళ్ళకు ముందే చెప్పారు. మన గృహహింస చట్టం ఎందుకు తెచ్చారో చెప్పే కాగితంలో ఆ కమిటీ పేరుంది. అంటే ఆమని పిటిషను వెనక జెనీవా ఉంది. మీరు తీసెయ్యమన్న రెండూ ఒకటే.

సంతకం పెట్టి చెయ్యకపోతే ఏం చేస్తారని మీరు అడుగుతారు. ఏమీ చెయ్యరు. వాళ్ళకు పోలీసు లేడు, జైలు లేదు. మళ్ళీ పిలుస్తారు. నలుగురిలో మళ్ళీ అదే అడుగుతారు.

ఇంకో మాట. మీ ఉత్తరం మధ్యలో వరప్రసాదరావు గారు అన్నారని ఒకటి రాశారు. వాళ్ళు కోర్టులో వేసిన జవాబులో ఆమని మెట్ల మీద కాలు జారి పడిందని ఉంది. మాటల్లో తేడా పెద్దది కాదన్నారు. కేసంతా ఆ తేడా మీదే ఉంది మావయ్యా. ఆమె జారిందా, అతను కొట్టాడా అన్నది చూసినవాళ్ళు లేరు. ఆమె మాట ఒక్కటే ఉంది. మీ ఉత్తరాన్ని నేను కోర్టులో పెట్టను, అది నాకు రాసింది. మీరే వచ్చి చెబితే వేరు. ఆలోచించండి.

అమ్మ బాగుంది. మీ ఉత్తరం చదివి వినిపించమంది. పులిహోర దాకా చదివాను.

భారతి

*

జగ్గయ్యపేట,
19 జూలై.

భారతికి మావయ్య. ఆశీస్సుల సంగతి ఇంకా తేలలేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివా. మొదటిసారి కోపంతో. రెండోసారి కళ్ళజోడుతో. మూడోసారి నీకు జవాబు చెప్పటానికి.

ఇరవై ముగ్గురంటే ఎక్కువ. ఏడుగురు దాటితే ఏ పంచాయితీలోనైనా ఒకడు నిద్రపోతాడు. వాళ్ళకి భోజనాలు ఎవరు పెడతారు? పిలిచిన దేశమా, వచ్చిన దేశమా? అది తేల్చుకోకపోతే తీర్పు ఎటు పోతుందో చెప్పలేం. అందులో ఆడవాళ్ళెందరు, మొగవాళ్ళెందరు అన్నది కూడా రాయి.

వాళ్ళకి పోలీసు లేడన్నావు. నాకూ లేడు. నలుగురిలో అడుగుతారన్నావు. నేనూ అంతే. నలుగురిలో అడగటం చిన్న శిక్ష కాదు. జైలుకెళ్ళినవాడు తిరిగొచ్చి టీ కొట్టు దగ్గర నిలబడతాడు. నా వసారాలో తల దించుకున్నవాడు ఆరు నెలలు ఆ కొట్టు ముందు నడవడు. అంటే వాళ్ళు చేసేదీ నేను చేసేదీ ఒకటే పని. అట్లాంటప్పుడు ఒక పంచాయితీ మీద ఇంకో పంచాయితీకి ఫిర్యాదు ఎట్లా చేశావు? చేస్తే చేశావు, నన్ను పిలిపించాలిగా. రెండు పక్షాలూ వినకుండా నేను ఏనాడూ మాట చెప్పలేదు.

ఒక్క తేడా కనిపించింది. వాళ్ళు నాలుగేళ్ళకి మళ్ళీ పిలుస్తారు. నేను పిలవను. నా రాజీ ఒకసారి అయితే అయినట్టే. మళ్ళీ పిలవాల్సొస్తే అది రాజీ ఎట్లా అవుతుంది? ఈ విషయంలో నాదే గట్టిది.

నువ్వు జెనీవాలో చెప్పింది మా పొలంలో పనిచేసే పుల్లమ్మ గురించేనని నాకు అప్పుడే తెలుసు. మొన్న కాగితం మిల్లుకని సుబాబులు చెట్లు నరికేటప్పుడు పిలిచి అడిగా.

"పుల్లమ్మా, నిన్ను నేను మూడుసార్లు పంపానటగా?"

"ఒక్కసారే అయ్యా."

"చూశావా! తర్వాత వాడు మళ్ళీ కొట్టలేదన్నమాట."

"కొట్టకేం అయ్యా. మీ దగ్గరికి నేను రాలేదు, అంతే."

"ఎందుకు రాలేదే?"

"చీరలు దాచుకునే చోటు లేదయ్యా ఇంట్లో."

"మరి ఎట్లా మానాడు?"

"రోకలి తీశా. మానాడు."

దానికి పొగరెక్కువ. ఆ మాట వదిలెయ్. ఒక్కసారేనని సాక్ష్యం వచ్చిందిగా. అంటే మూడుసార్లని జెనీవాలో నువ్వు అబద్ధం చెప్పావు. కాదంటావా, మూడుసార్లు పంపింది ఎవరినో పేరు రాయి. నలభై ఏళ్ళలో నేను చేసిన రాజీలన్నీ నాకు గుర్తే. మూడుసార్లు వచ్చిన ఆడమనిషి ఎవరూ లేరు.

కోర్టుకొచ్చి చెప్పమన్నావు. పెద్దమనిషి వసారాలో విన్నది వసారాలోనే ఉండాలి. అది నా రూలు. వరప్రసాదరావు నన్ను నమ్మి చెప్పాడు. నేను రాను.

ముందు పేరు రాయి.

జగన్నాథరావు

*

నందిగామ,
3 ఆగస్టు.

మావయ్యకు,

పేరు అడిగారు. సీతారావమ్మ. మీ అక్క, మా అమ్మ.

మీకు గుర్తు లేకపోవడంలో ఆశ్చర్యం లేదు. మీరు దాన్ని పంచాయితీ కింద లెక్క వేసుకోలేదు, ఇంటి విషయం అనుకున్నారు. తాతయ్య పోయాక ఆ ఇంటికి మీరే పెద్ద. మీకు పాతికేళ్ళు దాటాయి అప్పుడు. అమ్మ నన్ను తీసుకుని పేటకు వచ్చిన ప్రతిసారీ మీరు నలుగురిని పిలిచి వసారాలో కూచోబెట్టారు. నాన్నకు కుర్చీ వేశారు. అమ్మ వంటింట్లో ఉంది. ఆడమనిషిని నలుగురిలోకి పిలవడం మర్యాద కాదని మీరే అన్నారు. వసారాలో ఉన్నవాళ్ళందరికీ టీ పెట్టింది అమ్మే. గ్లాసులు మోసింది నేను. నాకు ఏడేళ్ళు. అందుకని అక్కడ ఎవరేమన్నారో నాకు తెలుసు. అమ్మ ఏమందో మాత్రం తెలియదు. అమ్మను ఎవరూ అడగలేదు.

మూడుసార్లూ నాన్న వేదాద్రి వెళ్ళి కృష్ణలో మునిగి ప్రమాణం చేశాడు. నాన్నకు ఈత బాగా వచ్చు.

మూడోసారి వచ్చినప్పుడు అమ్మ కుడి చెవిలో పత్తి పెట్టుకుని టీ పెట్టింది. వెళ్ళేటప్పుడు బస్సులో అరటిపళ్ళన్నీ నేనే తిన్నాను. దవడ వాచి అమ్మ నమలలేకపోయింది. మన వంశంలో చెముడు లేదు మావయ్యా. మీది వయసు. అమ్మ కుడి చెవిది నాన్న చెయ్యి.

జెనీవాలో ఆడవాళ్ళ సంఘాలు మాట్లాడటానికి కొంచెం టైమిస్తారు. అందులో నా వంతుకు ఒక్క నిమిషం వచ్చింది. నిమిషం అయితే మైకు ఆగిపోతుంది. నాన్న అప్పటికి పోయాడు. అమ్మ ఒప్పుకుంది. పేరు మాత్రం వద్దంది, "తమ్ముడి పరువు" అంది. ఆ సభలో అందరూ మిమ్మల్ని చూశారని రాశారు. నిజమే. మీ పక్క కుర్చీలో ఉన్న మనిషిని ఒక్కరూ చూడలేదు. నేను ఏం చెప్పబోతున్నానో అమ్మకు ముందే తెలుసు. ఎడమ చెవి మీ వైపు ఉండేలా కూచుంది, మీరేమైనా అంటారేమోనని.

మీరు అడిగిన ప్రశ్నకు జవాబు కూడా రాస్తాను. కమిటీలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఏదైనా దేశంలో ఆడమనిషి నేరుగా వాళ్ళకు ఫిర్యాదు చేసుకునేందుకు ఇంకో ఒప్పందం ఉంది. దాని మీద మన దేశం సంతకం పెట్టలేదు. మొదటి ఒప్పందం మీద పెట్టినప్పుడు కూడా ఒక మాట చేర్చింది: ఏ సమాజమైనా తనంతట తాను అడిగితే తప్ప ఇళ్ళలోని పద్ధతుల్లో మేం జోక్యం చేసుకోం అని. ఆ ఇళ్ళలో కొట్టేవాడు అడుగుతాడా, దెబ్బలు తిన్న మనిషి వంటింట్లోంచి అడుగుతుందా?

మీరు వసారాలో ఆమనిని కూచోబెట్టదలుచుకుంటే ఆమెను కుర్చీలో కూచోబెట్టండి. లేదంటే పిలవకండి.

భారతి

*

జగ్గయ్యపేట,
16 ఆగస్టు.

భారతికి,

ఉత్తరం అందింది. చదివా.

ఇక్కడ వర్షం బాగా పడింది. సుబాబులు లారీ చిల్లకల్లు దగ్గర దిగబడితే ట్రాక్టరు పెట్టి లాగాం. పత్తి నిలబడింది.

వరప్రసాదరావు శ్రావణ శుక్రవారం పెట్టుకుందామన్నాడు. ఆ రోజు కాదన్నా. ఎందుకని అడిగాడు. నా ఇల్లు, నా వసారా, నాకు కుదరదన్నా. సెప్టెంబరు పద్నాలుగు ఆదివారం పెట్టా. ఆమనికి రావాలని ఉంటే రమ్మను. లేకపోతే వద్దు. ఎవరూ తీసుకురాకూడదు, తనే రావాలి. నువ్వు రావద్దు. నువ్వొస్తే వాళ్ళూ లాయర్ని తెస్తారు, అప్పుడది కోర్టవుతుంది.

పెట్టె తీసి చూశా. ఆ శాలువా ఒక మూల ఎలుక కొట్టింది. మిగతాది బాగానే ఉంది.

అక్క అన్నం తింటోందా?

జగన్నాథరావు

*

నందిగామ,
30 ఆగస్టు.

మావయ్యకు నమస్కారాలు.

ఆమనికి మీ తేదీ చెప్పాను. రెండు రోజులు ఆలోచించుకుంది. వస్తానంది. వాళ్ళన్న సతీష్‌బాబు తోడు వస్తాడు, పేట బస్టాండు దాకా మాత్రమే అంటే ఒప్పుకోలేదు. మీరు ఆమెను మళ్ళీ ఆ ఇంటికి పంపేస్తారని అతని భయం. కాదని నేను హామీ ఇవ్వలేదు. మీరేం చేస్తారో నాకు తెలియదు. తెలుసని చెబితే అబద్ధమవుతుంది.

కోర్టు వాయిదా దసరా సెలవుల తర్వాత, అక్టోబరు ఎనిమిది. అవతలి లాయరు మెట్ల ఫొటోలు తీయించాడట. మెట్లు నున్నగానే ఉన్నాయి.

మీ ఉత్తరం అమ్మకు వినిపించాను. నేను రాసిందంతా మీకు రాశానని కూడా చెప్పాను. చాలాసేపు చిక్కుళ్ళకు ఈనెలు తీస్తూ కూచుంది. తర్వాత "వాడు చిన్నవాడే అప్పుడు. తమ్ముడికి చెప్పు, నాకేం లేదు" అంది. ఎలుక సంగతి చదివితే నవ్వింది. అన్నం తింటోంది. అరటిపండు మాత్రం ఇంట్లోకి రానివ్వం, ఇద్దరం.

భారతి

*

జగ్గయ్యపేట,
15 సెప్టెంబరు.

చిరంజీవి భారతికి మావయ్య ఆశీస్సులు. ముందే రాసేశా, ఆఖర్న చోటుండదు.

నిన్న పంచాయితీ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

వరప్రసాదరావు రాగానే పంచాంగం తీశాడు. "మహాలయ పక్షం బాబాయ్, ఈ రోజుల్లో రాజీలు పెట్టుకోరు" అన్నాడు. రాజీ అని నేను చెప్పానా అన్నా. కిషోర్‌బాబు వచ్చాడు. ఇంకో ఇద్దరు పెద్దలు వచ్చారు. ఆమని, సతీష్‌బాబు పది గంటల బస్సుకొచ్చారు. ఆ పిల్ల చెప్పులు విడిచి అలవాటుగా వంటింటి వైపు వెళ్ళబోయింది. వసారాలో కుర్చీ చూపించా. నా పక్కనే వేయించా.

"బాబాయ్, ఆడపిల్లని నలుగురిలో..." అన్నాడు వరప్రసాదరావు.

"దేశాలే వెళ్ళి కూచుంటున్నాయి. ఆడపిల్ల కూచుంటే ఏం?" అన్నా. వాడికి అర్థం కాలేదు. నేనూ విడమర్చలేదు.

టీ ఎవరు పెడతారన్న ప్రశ్న వచ్చింది. కిషోర్‌బాబుని పెట్టమన్నా. వాడు వాళ్ళ నాన్న మొహం చూశాడు. మొహం చూస్తే టీ రాదన్నా. లైటరు ఎక్కడుందని రెండుసార్లు బయటకొచ్చి అడిగాడు. తెచ్చాడు. పంచదార వెయ్యలేదు. అందరం తాగాం.

అప్పుడు అడిగా. "అమ్మాయ్, నువ్వేమంటావు?"

"నాకేం లేదు తాతయ్యా, మీరెట్లా చెబితే అట్లా" అంది.

పెద్దలు ఇద్దరూ తల ఊపారు. వరప్రసాదరావు లేవబోయాడు. కూచోమన్నా. సతీష్‌బాబుని పిలిచి, వెనక సుబాబులు లోడు వచ్చిందేమో చూసి రమ్మన్నా. ఏ లోడూ రాలేదు. వాడు వెళ్ళాక మళ్ళీ అడిగా. "నాకేం లేదంటే అది జవాబు కాదమ్మా. మీ అన్న లేడు. నేను పంపను. ఇప్పుడు చెప్పు."

చెప్పింది. మెల్లగా చెప్పింది గానీ నాకు మొత్తం వినపడింది. "నేను ఆ ఇంటికి వెళ్ళను. నా సర్టిఫికెట్లు, మా అమ్మ కొనిచ్చిన కుట్టుమిషను నాకు కావాలి. నా చెయ్యి మెట్ల వల్ల విరగలేదని ఇతను తన నోటితో ఒక్కసారి అనాలి."

కిషోర్‌బాబు టీ గ్లాసు వైపు చూస్తూ కూచున్నాడు. అడిగా. పలకలేదు. మళ్ళీ అడిగా. వరప్రసాదరావు అందుకోబోతే, నీకు నోరిచ్చిన దేవుడే వాడికీ ఇచ్చాడన్నా. మూడోసారి అడిగా.

"చెయ్యి మెలిపెట్టి తోశా. నేనే" అన్నాడు. ఆ పిల్ల వైపు చూసి కాదు, గ్లాసు వైపు చూసి. అయినా అన్నాడు. నలుగురూ విన్నారు.

ఆమని ఏడవలేదు. "సరే తాతయ్యా" అంది. ఏదో కొట్లో వస్తువు అందినట్టు.

"ఒప్పుకున్నాడుగా, ఇక కలిపెయ్యి బాబాయ్" అన్నాడు వరప్రసాదరావు.

"చీర కొనలేదు. అరటిపళ్ళు కూడా తేలేదు" అన్నా.

"వేదాద్రిలో ప్రమాణం చేయిస్తాం."

కిషోర్‌బాబుని అడిగా, "నీకు ఈత వచ్చా?"

"వచ్చు తాతయ్యా."

"అయితే వద్దు."

కుట్టుమిషను నిన్న సాయంత్రమే ఆటోలో బస్టాండుకు చేరింది. సర్టిఫికెట్లలో ఒకటి కనపడలేదన్నారు. వెతకమన్నా. వెతికి తెచ్చి చూపించమన్నా. కిషోర్‌బాబు ప్రతి నెలా మొదటి ఆదివారం నా వసారాకి వచ్చి, ఆ పిల్ల జోలికి వెళ్ళలేదని నలుగురిలో చెప్పాలి. నాలుగేళ్ళకోసారి అంటే జెనీవా వాళ్ళకి కుదురుతుంది. నాకిప్పుడు డెబ్బై ఆరు.

వరప్రసాదరావు వెళ్తూ వెళ్తూ "నమ్మి చెప్పుకుంటే ఇదా బాబాయ్" అన్నాడు. రేపటి నుంచి మా గడప తొక్కనన్నాడు. ఎరువులు చిల్లకల్లులో తెచ్చుకుంటా.

ఇప్పుడు కోర్టు సంగతి. వసారాలో విన్నది వసారాలోనే ఉండాలన్నా. ఆ రూలు పెట్టింది నేను. తీసేసింది కూడా నేను. అక్టోబరు ఎనిమిదిన మొదటి బస్సుకు వస్తా. కిషోర్‌బాబు అన్న మాట అన్నట్టు చెబుతా. జడ్జిగారిని గట్టిగా అడగమను. అవతలి లాయరుకు నా వయసు ముందే చెప్పు, అడ్డదిడ్డంగా అడిగితే నేనూ అడుగుతా.

జెనీవాలో ఉన్నది కొట్టేయించక్కర్లేదు. ఉండనీ. ఆ రెండో ఒప్పందం గురించి రాశావే, ఆడమనిషి నేరుగా చెప్పుకునేది. దాని మీద సంతకం పెట్టని దేశం ఎవరిలా ఉందో నాకు తెలిసింది. దేశం వసారాలో కూచుని మాట్లాడుతోంది, మీరంతా లోపల టీ పెడుతున్నారు. సమాజం అడిగితేనే జోక్యం చేసుకుంటామని కూడా అందటగా. పేటలో అడిగేవాణ్ణి నేనే. అడిగానని ఎవరికి రాయాలో వాళ్ళకి రాయి. కావాలంటే ఇంకోసారి వెళ్ళు. నిమిషం సరిపోకపోతే రెండు అడుగు.

శాలువా తెస్తున్నా. నీకు కాదు.

ఇక కిందది అక్కకి. ఎడమ చెవి దగ్గర కూచుని చదువు. గట్టిగా చదవొద్దు, అరిచినట్టు ఉండకూడదు.

అక్కా, తమ్ముణ్ణి. భారతి రాసింది చదివా. చెవి సంగతి నాకు తెలియదు. తెలియకపోవటానికి కారణం నేను అడగకపోవటం. అందుకని ఇప్పుడు అడుగుతున్నా. ఆ మూడుసార్లూ నిన్ను వంటింట్లోంచి పిలిచి, వసారాలో కుర్చీ వేసి, "వెళ్తావా, ఉంటావా?" అని నలుగురిలో అడిగి ఉంటే నువ్వేమని చెప్పేదానివి? బావ పోయి పన్నెండేళ్ళయింది, ఇప్పుడెందుకురా అంటావు. అడగటం అడగటమే. తూర్పు గది ఖాళీగానే ఉంది.

భారతీ, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయి. లాయరు మాటలు కలపొద్దు. ఆవిడ చెప్పేటప్పుడు నువ్వు కూడా గదిలో ఉండొద్దేమో, చూసుకో. "తమ్ముడికి చెప్పు, నాకేం లేదు" అని రాసి పంపితే జవాబు కింద తీసుకోను. మళ్ళీ అడుగుతా. అప్పుడూ అదే అంటే మూడోసారి అడుగుతా.

సెప్టెంబరు ఇరవై ఆరు, శుక్రవారం. ఆ రోజు పోస్టులో జవాబు నా చేతికి రావాలి.

జగన్నాథరావు